శాలకూ పన్ను ఉంటుందా? – ఇంటి పన్ను లెక్కలో పశువుల శాల, పాక, అవుట్‌హౌస్

ఇంటి పన్ను అనగానే మనకు ఇల్లు ఒక్కటే గుర్తుకొస్తుంది. పెరట్లోని పశువుల శాల, కట్టెలు దాచుకునే పాక, కోళ్ల గూడు, విడిగా కట్టిన స్నానాల గది గుర్తుకు రావు. పన్ను వేసే చట్టానికి మాత్రం ఇవన్నీ బాగా గుర్తున్నాయి. మన హాస్టల్లో ఉంటున్న తమ్ముళ్లలో, చెల్లెళ్లలో చాలామంది ఇళ్లకు ఒక ఆవో, గేదో, నాలుగు మేకలో ఉన్నాయి. సెలవులకు వెళ్లినప్పుడు పేడ తీసేదీ, కుడితి పెట్టేదీ మనమే. కనుక ఈ విషయం మనకు సంబంధించినదే.

మేము ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. కాబట్టి వీధిలో ఎవరికి ఏ నోటీసు వచ్చినా మా దగ్గరికే తెస్తారు. "ఒరే బాబూ, మన సాలకి కూడా పన్నేటిరా? ఇదేటి రాసినారో సూడు" అని ఒక పెద్దాయన అడిగారు. ఎం.ఏ. చదువుతున్నాం కానీ ఆ ప్రశ్నకు జవాబు మాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అందుకని మేము, మా గదిలోని మిత్రులు కలిసి చట్టాలు, నిబంధనలు తిరగేశాం. తెలిసింది తెలిసినట్టు ఇక్కడ రాస్తున్నాం.

మొదట చట్టంలో 'కట్టడం' అన్న మాట సంగతి చూద్దాం. విశాఖపట్నం 1979లో కార్పొరేషన్ అయింది. అప్పుడు చేసిన విశాఖపట్నం మున్సిపల్ కార్పొరేషన్ చట్టం, హైదరాబాదు కోసం చేసిన 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టాన్నే ఇక్కడికీ వర్తింపజేసింది. ఆ చట్టం రెండో సెక్షనులో కట్టడం అంటే ఏమిటో చెప్పారు. ఇల్లు, అవుట్‌హౌస్, గుర్రపు శాల, మరుగుదొడ్డి, గిడ్డంగి, షెడ్డు, గుడిసె, గోడ, కంచె, అరుగు ఇలా వరసగా చెప్పుకుంటూ పోయి, రాయి అయినా, ఇటుక అయినా, కర్ర అయినా, మట్టి అయినా, లోహం అయినా, మరే వస్తువుతో కట్టినా అది కట్టడమే అన్నారు. తక్కిన పట్టణాలకు వర్తించే 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టంలోనూ దాదాపు ఇదే జాబితా ఉంది. అంటే తాటాకు కప్పి, నాలుగు వాసాలు పాతి, మట్టి గోడ పెట్టిన మన శాల కూడా చట్టం దృష్టిలో కట్టడమే. ఆ పెద్దాయన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. కట్టడమే కాబట్టి పన్ను పరిధిలోకి రావచ్చు. ఎంత వస్తుంది, ఏ లెక్కన వస్తుంది అన్నది మిగతా సగం. అసలు చిక్కంతా అందులోనే ఉంది.

ఆ జాబితాలో 'గుర్రపు శాల' ఎందుకుందో ఆలోచిస్తే సరదాగా ఉంటుంది. మన ఊళ్లలో గుర్రాలు ఎవరికున్నాయి? ఇది ఇంగ్లీషు వారి కాలం నుంచి వచ్చిన మాట. వాల్తేరు మెట్ట మీద దొరల బంగళాలు ఉండేవి. అటువంటి బంగళాకు వంటిల్లు విడిగా, నౌకర్ల గదులు విడిగా, బండికి గుర్రానికి శాల విడిగా ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో వరసగా వచ్చిన పట్టణ చట్టాలు, ముఖ్యంగా 1884, 1920 నాటి జిల్లా మున్సిపాలిటీల చట్టాలు ఇలాంటి ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అప్పట్లో శాలకు ఇంటి పన్నులో భాగంగా పన్ను పడేది. లోపలున్న గుర్రానికి, బయటున్న బండికి వేరే పన్ను ఉండేది. మన రాజ్యాంగం కూడా ఈ తేడాను ఉంచింది. ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 49వ అంశం భూములు, కట్టడాల మీద పన్ను. 58వ అంశం జంతువులు, పడవల మీద పన్ను. శాల ఒక అంశం కిందికి వస్తే, శాలలోని పశువు ఇంకో అంశం కిందికి వస్తుందన్నమాట. దొరలు పోయారు, జట్కాలూ పోయాయి. చట్టంలో గుర్రపు శాల మాత్రం అలాగే నిలిచిపోయి, ఇప్పుడు పాడి గేదె పాకను పట్టుకుంది.

ఇంకా వెనక్కి వెళ్తే మొతర్ఫా అనే పన్ను ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో మగ్గం మీద, దుకాణం మీద, చేతివృత్తి మీద, కొన్నిచోట్ల ఇంటి మీద దాన్ని వసూలు చేసేవారు. 1861లో దాన్ని రద్దు చేశారు. వ్యవసాయం లేని పేద కులాలవారి మీద ఎక్కువ బరువు పడిన పన్ను అది. ఈ సంగతి మన చరిత్ర పాఠాల్లో ఒక వాక్యంతో సరిపెడతారు. అది మాకు ఎప్పుడూ అసంతృప్తే.

ఇక మన ఊళ్ల సంగతికి వద్దాం. పంచాయతీలో ఉన్నంతకాలం ఇంటి పన్ను 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నడుస్తుంది. ఆ చట్టంలో 'ఇల్లు' అంటే మనుషులు వాడుకోవడానికి పనికివచ్చే కట్టడం లేదా గుడిసె, దానికి వీధిలోంచి విడిగా ముఖద్వారం ఉండాలి. దుకాణం, వర్క్‌షాపు, గిడ్డంగి, బస్సులు నిలిపే షెడ్డు, కోళ్ల షెడ్డు, డెయిరీ షెడ్డు వంటివి కూడా ఆ మాటలో చేర్చారు. 'విడిగా ముఖద్వారం' అన్న మాట మనకు ముఖ్యం. ఇంటి ప్రహరీలోపల, ఇంటి వాకిలిలోంచే వెళ్లే చిన్న పాకకు వీధి ద్వారం ఉండదు. అది ఇంటితో పాటే పోతుంది. ఊరి చివర రోడ్డు పక్కన ఇరవై గేదెలతో పెట్టిన డెయిరీ షెడ్డు మాత్రం విడిగా ఒక 'ఇల్లు' అవుతుంది, దానికి విడిగా పన్ను పడుతుంది. ఇది న్యాయమైన తేడాయే అని మా అభిప్రాయం. ఒకటి బతుకుతెరువుకు ఆసరా, రెండోది వ్యాపారం.

అయితే విశాఖ చుట్టూ ఉన్న చాలా ఊళ్లు ఇప్పుడు పంచాయతీలు కావు. 2005 నవంబరులో గాజువాక మున్సిపాలిటీని, మధురవాడ, పెందుర్తి, అగనంపూడి వంటి 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2013లో అనకాపల్లి, భీమునిపట్నం మున్సిపాలిటీలను కూడా కలిపారు. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అనకాపల్లి వేరే జిల్లా అయినా, పట్టణం మాత్రం మహా విశాఖలోనే ఉండిపోయింది. మా మిత్రుల్లో ఒకరి చిరునామా రాయాలంటే ఇప్పటికీ తికమకే.) ఇలా కలిసిన ఊళ్లలో ఇళ్లు ఊరి ఇళ్లే. ముందు వసారా, వెనక పెరడు, పెరట్లో శాల, గడ్డికుప్ప అన్నీ ఉంటాయి. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగాక భూములు పోయి, ఆర్ కార్డులు పట్టుకుని గాజువాక, వడ్లపూడి, అగనంపూడి చుట్టుపక్కల కాలనీలకు వచ్చిన కుటుంబాలు కూడా వీలైనచోట పశువును వెంటతెచ్చుకున్నాయి. పొలం పోయినా పాడి పోకూడదని వాళ్ల తాపత్రయం. ఊరు నగరం అయింది కానీ పశువు నగరం పశువు కాలేదు కదా!

నగరంలో కలిసినందువల్ల ఇంకో నష్టం కూడా ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. అది గ్రామీణ ప్రాంతాలకే చేసిన చట్టం. ఆ నిధులతో పల్లెల్లో పేద కుటుంబాలకు పశువుల షెడ్లు కట్టుకునే వీలు కలిగింది. మన రాష్ట్రంలో 2024 అక్టోబరులో పల్లె పండుగ పేరుతో మొదలైన పనుల్లోనూ గోకులం షెడ్లు ఉన్నాయి. రోడ్డుకు అటువైపు పంచాయతీలో ఉన్న కుటుంబానికి షెడ్డు కట్టుకోవడానికి సాయం వస్తే, ఇటువైపు కార్పొరేషన్లో ఉన్న కుటుంబం తానే రేకులు కొనుక్కుని కట్టుకుని, దాని కొలత పన్ను లెక్కలో చేరుతుందేమోనని భయపడాలి. రెండు కుటుంబాల పేదరికంలో తేడా లేదు. మధ్యలో ఉన్నది వార్డు సరిహద్దు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. లెక్కలంటే భయపడే తమ్ముళ్లు ఇక్కడ పేజీ తిప్పేయకండి, ఇది ఏడో తరగతి స్థాయి లెక్కే.

2021 మార్చి దాకా మన పట్టణాల్లో ఇంటి పన్ను వార్షిక అద్దె విలువ మీద వేసేవారు. అంటే ఇల్లు అద్దెకిస్తే నెలకు చదరపు అడుగుకు ఎంత వస్తుందో ఆ ప్రాంతాన్ని, కట్టడం రకాన్ని బట్టి నిర్ణయించి, దాన్ని కొలతతో హెచ్చించి, పన్నెండు నెలలకు లెక్కగట్టి, అందులో ఇంత శాతం అని పన్ను. సొంతవాళ్లే ఉంటున్న ఇంటికి అద్దె విలువలో 40 శాతం మినహాయింపు ఉండేది. ఉదాహరణకు 320 చదరపు అడుగుల పెంకుటిల్లు ఉందనుకోండి. పెరట్లో 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు శాల, అంటే 180 చదరపు అడుగులు. చదరపు అడుగుకు నెలకు రూపాయి అద్దె, పన్ను 25 శాతం అనుకుందాం (ఇవి లెక్క కోసం మేము అనుకున్నవి). ఇల్లు ఒక్కటే అయితే ఏడాది అద్దె విలువ 3,840 రూపాయలు, 40 శాతం తీసేస్తే 2,304, పన్ను 576. శాలను కూడా ఇంటి రేటుకే కలిపితే 500 చదరపు అడుగులు, అద్దె విలువ 6,000, మినహాయింపు పోగా 3,600, పన్ను 900. శాల వల్ల పెరిగింది 324 రూపాయలు.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. గేదె ఉండే పాకను మనిషి ఎవరైనా అద్దెకు తీసుకుంటాడా? తీసుకోడు. అలాంటప్పుడు దానికి ఇంటితో సమానంగా అద్దె విలువ కట్టడం సబబేనా? పాత పద్ధతిలో శాలవారి తరఫున వాదించడానికి ఈ ఒక్క మంచి మాట ఉండేది. కట్టడం రకాన్ని బట్టి, వాడుకను బట్టి రేటు మారాలి గనుక, రేకుల షెడ్డుకో తాటాకు పాకకో తక్కువ రేటు వేయమని అడగవచ్చు.

కొత్త పద్ధతి 2020లో వచ్చింది. ఆ ఏడాది మున్సిపల్ చట్టాలను సవరించి, నవంబరు 24న 198వ నంబరు జీవో ఇచ్చి, 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ మీద పన్ను వేయడం మొదలుపెట్టారు. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకాల్లో ఉన్న విలువలను బట్టి స్థలానికి ఇంత, కట్టడానికి ఇంత అని లెక్కిస్తారు. నివాస గృహాలకు ఆ విలువపై 0.10 నుంచి 0.50 శాతం లోపల, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2.00 శాతం లోపల రేటును స్థానిక సంస్థ నిర్ణయించుకోవచ్చు. పాత పన్ను మీద ఒక్కసారిగా పెరగకుండా ఏడాదికి 15 శాతం పెంపు పరిమితి పెట్టారు. 15 శాతమే కదా అనిపిస్తుంది. కాలిక్యులేటరు తీసి 1,000 రూపాయలను ఐదుసార్లు 1.15తో హెచ్చించి చూడండి, 2,011 వస్తుంది. ఐదేళ్లలో రెట్టింపు. 2021 వేసవిలో విశాఖలో ఈ పద్ధతి మీద కాలనీ సంఘాలు, పార్టీలు ఆందోళన చేసింది ఊరికే కాదు.

అదే జీవోలో పేదవారికి మేలు చేసే మాట ఒకటుంది. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతదారే ఉంటే ఏడాదికి పన్ను 50 రూపాయలు మాత్రమే. 375 చదరపు అడుగులంటే 15 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు. మన హాస్టల్ పిల్లల ఇళ్లలో చాలావాటికి ఇది సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు అదే పెంకుటిల్లును మళ్లీ తీసుకోండి. ఇల్లు 320 అడుగులు, పరిమితి లోపలే ఉంది, పన్ను 50 రూపాయలు. శాల 180 అడుగులు కలిపి 500 అని రాస్తే? పరిమితి దాటిపోయింది. స్థలం, కట్టడం కలిపి విలువ 8 లక్షలు అనుకుంటే, అన్నిటికన్నా తక్కువ రేటు 0.10 శాతం వేసినా 800 రూపాయలు. యాభై ఎక్కడ, ఎనిమిది వందలెక్కడ! పదహారు రెట్లు. పాత పద్ధతిలో శాల వల్ల పన్ను కొంత పెరిగేది. కొత్త పద్ధతిలో శాల కొలత ఇంటి కొలతలో కలిస్తే కుటుంబం మొత్తంగా పేదవారి గీత దాటి అవతల పడుతుంది. 15 శాతం పరిమితి పాత పన్నుతో పోల్చి వేసేది. కొత్తగా కొలిచి చేర్చిన శాలకు పాత పన్నే లేదు కాబట్టి ఆ పరిమితి కాపాడుతుందని నమ్ముకోవడానికి లేదు. పెద్దాయన నోటీసులో మేము మొదట వెతికింది కూడా ఇదే, కొలత గడిలో ఎంత రాశారు, అందులో శాల ఉందా లేదా అని.

మా వాదన ఏమంటే, 375 అడుగుల నిబంధన నివాసానికి పెట్టింది. మనుషులు పడుకునే, వండుకునే చోటును చూసి పేదరికాన్ని కొలిచే నిబంధన అది. పశువును కట్టే పాకను అందులో కలపడం నిబంధన ఉద్దేశానికి విరుద్ధం. దీనికి మద్దతుగా ఒక పాత తీర్పు ఉంది. కేరళలో 1961లో ఒక కట్టడాల పన్ను చట్టం చేశారు. కట్టడం ఎక్కడుంది, దేనితో కట్టారు, దేనికి వాడుతున్నారు, ఎంత రాబడి వస్తుంది అన్నవేవీ చూడకుండా నేల కొలత ఒక్కటే చూసి పన్ను వేసేవారు. 1968లో కుట్టి నాహా కేసులో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమని కొట్టేసింది. సమానం కానివాటిని సమానంగా చూడడం కూడా వివక్షే అన్నది అందులోని సారం. రిజర్వేషన్ల గురించి చర్చ జరిగినప్పుడల్లా మనం చెప్పే మాట ఇదే కదా. పన్నుల్లోనూ అదే సూత్రం పనిచేస్తుందని తెలిసి మాకు ఆశ్చర్యం వేసింది.

పాలు అమ్ముకుంటే సంగతేమిటి అని మా గదిలో పెద్ద వాదన జరిగింది. ఒక గేదె పెట్టుకుని, ఇంట్లో తాగగా మిగిలిన రెండు లీటర్లు వీధిలో పోస్తే అది వ్యాపారమా? నివాసేతరం అని రాస్తే రేటు మారిపోతుంది. ఇంగ్లాండులో కూడా ఇలాంటి తగవే ఉంది. అక్కడ 1988లో చేసిన చట్టం ప్రకారం ఇంటికి చెందిన వాకిలి, తోట, అవుట్‌హౌస్ నివాసంలో భాగమే. కాబట్టి ఇంటిని ఆనుకుని సొంత గుర్రానికి కట్టుకున్న శాలకు వ్యాపార పన్ను పడదు. గుర్రపు స్వారీ నేర్పే బడి పెట్టినా, డబ్బు తీసుకుని ఇతరుల గుర్రాలను ఉంచినా పడుతుంది. శాల ఇంటి ఆవరణలో ఉందా, దూరంగా పొలంలో ఉందా అన్నది కూడా చూస్తారు. అక్కడ గుర్రం షోకు, ఇక్కడ గేదె కూడు. అయినా సూత్రం ఒకటే. ప్రధానంగా దేనికి వాడుతున్నారు, ఇంటితో ఎంతగా కలిసి ఉంది అని చూడాలి. రెండు లీటర్ల పాలు పోసినంత మాత్రాన పెరటి పాక డెయిరీ అయిపోదని మాలో ఎక్కువమంది తేల్చారు. కామర్స్ చదివే మిత్రుడొకరు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

పెరడు గురించి కూడా చెప్పాలి. చట్టం ప్రకారం కట్టడపు నేల కొలతకు మూడు రెట్ల వరకు (కట్టడం ఉన్న చోటుతో కలిపి), లేదా వెయ్యి చదరపు మీటర్ల వరకు, ఏది తక్కువైతే అది, ఇంటికి అనుబంధమైన స్థలం. అంతకు మించినది ఖాళీ స్థలం. కార్పొరేషన్లలో ఖాళీ స్థలం మీద మూలధన విలువలో 0.50 శాతం పన్ను. నివాసపు కనీస రేటుకు ఇది ఐదు రెట్లు! ఊళ్లో 300 గజాల పెరటి ఇల్లు తీసుకోండి, అంటే 2,700 చదరపు అడుగులు. ఇల్లు 400 అడుగులైతే మూడు రెట్లు 1,200. మిగిలిన 1,500 అడుగులు ఖాళీ స్థలం కింద వస్తుంది. పెరట్లోని 180 అడుగుల శాలను కూడా కట్టడంగా లెక్కిస్తే కట్టడం 580, మూడు రెట్లు 1,740, ఖాళీ స్థలం 960కి తగ్గుతుంది. చూశారా తమాషా! చిన్న ఇంటివాడికి శాలను లెక్కించకపోవడం లాభం. పెద్ద పెరడున్నవాడికి లెక్కించడమే లాభం. అందువల్ల ఎవరో చెప్పారని దరఖాస్తు పెట్టకుండా, ఎవరి ఇంటి లెక్క వారు వేసుకోవాలి.

అవుట్‌హౌస్‌ల సంగతి వేరు. పెదవాల్తేరు, ఎం.వి.పి. కాలనీ, అక్కయ్యపాలెం వైపు గేట్లకు వేలాడే 'అవుట్‌హౌస్ అద్దెకు ఇవ్వబడును' బోర్డులు పీజీ విద్యార్థులందరికీ పరిచయమే. ఒకప్పుడు నౌకర్ల కోసమో కారు కోసమో కట్టిన గదిలో ఇప్పుడు నలుగురు విద్యార్థులు ఉంటారు. అది అద్దె తెచ్చే కట్టడం, దానికి పన్ను పడడంలో మాకు అభ్యంతరం లేదు. ఆ పన్నును ఇంటివారు మా అద్దెలో కలిపేస్తారన్నది వేరే బాధ.

శాల కొలత ఎక్కడా నమోదు కాకుండా చూసుకుంటే గొడవ లేదు కదా అని చాలామంది అనుకుంటారు. బిల్లు కలెక్టరు వచ్చేటప్పటికి గేదెను తోలేసి, పాకలో కట్టెలు పేర్చి 'ఇది పాతదే బాబూ' అనేవారు కూడా ఉన్నారు. ఇక్కడే తొందరపడకూడదని మేము చెప్పేది. ఎందుకంటే విశాఖ చుట్టూ భూసేకరణ ఎప్పుడూ ఆగదు. ఓడరేవుకు, ఉక్కుకు, విమానాశ్రయానికి, రోడ్ల వెడల్పుకు, పరిశ్రమలకు ఏదో ఒకదానికి భూమి కావాలి. 2013లో వచ్చిన భూసేకరణ చట్టంలో భూమికే కాదు, దాని మీదున్న కట్టడాలకు కూడా విలువ కట్టాలి. ఆ చట్టం రెండో షెడ్యూలులో పశువులు ఉన్న నిర్వాసిత కుటుంబానికి పశువుల శాల కట్టుకోవడానికి కనీసం 25,000 రూపాయల సాయం ఇవ్వాలని స్పష్టంగా రాశారు. చిన్న దుకాణం ఉన్నవారికీ అంతే. రేపు సర్వేకు వచ్చిన అధికారి 'మీకు శాల ఉన్నట్టు రుజువేది?' అని అడిగితే ఏం చూపిస్తాం? పన్ను కాగితంలో ఉన్న ఒక్క పంక్తి అప్పుడు పనికొస్తుంది. ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు ఖాళీ చేసిన రోజుల్లో ఈ చట్టం లేదు, శాల కట్టుకోవడానికి ఈ చట్టం కింద సాయం అడిగే దారీ లేదు. ఇప్పుడుంది. అందుకే ఈ లెక్క పన్ను ఎంత తగ్గింది అన్న దాంతో పూర్తికాదు.

అలాగని పన్ను రసీదును పట్టాగా అనుకోకూడదు. పన్ను కట్టినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదని కోర్టులు పలుమార్లు చెప్పాయి. ఫలానా కాలం నుంచి ఆ చోటులో మనం ఉంటున్నామనడానికి మాత్రం అది ఒక సాక్ష్యం. ప్లాను అనుమతి లేకుండా కట్టిన కట్టడాలకు పన్ను మీద అదనంగా వంద శాతం దాకా జరిమానా వేసే వీలు కూడా చట్టంలో ఉంది. ఆ జరిమానా కట్టినా కట్టడం సక్రమం అయిపోదు. పక్కా గోడలతో, స్లాబుతో శాల కట్టించాలనుకునేవారు ముందు అనుమతి గురించి విచారించుకోవాలి. అప్పు చేసి పక్కాగా కట్టి, తర్వాత జరిమానా నోటీసు చూసి ఏడ్చేకంటే, ఉన్న రేకుల పాకనే బాగుచేసుకోవడం మేలు.

నోటీసు వచ్చినప్పుడు ఏం చేయాలంటే, మొదట అసెస్‌మెంటు నంబరు, కొలత, వాడుక, కట్టడం రకం అన్న నాలుగు గడులు చూడాలి. టేపు తీసుకుని మనమే కొలవాలి. ఇల్లు విడిగా, శాల విడిగా కొలిచి, తెల్లకాగితం మీద చిన్న పటం గీయాలి. తేడా ఉంటే నోటీసులో రాసిన గడువు లోపల రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోవాలి. నోటితో చెప్పి వచ్చేయడం దండగ. శాలను పూర్తిగా తీసేయమని కాక, 'నివాసపు కొలతలో కలపవద్దు, అనుబంధ కట్టడంగా విడిగా చూపండి' అని అడగడం మంచిదని మా సలహా. అలా అడిగితే 50 రూపాయల పన్ను కోసం వాదించవచ్చు, శాల ఉన్నట్టు కాగితమూ ఉంటుంది. లెక్క ఎలా వేశారో చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి దరఖాస్తు ఫీజు లేదు. లెక్క సరిగ్గా ఉంటే మాత్రం ఏప్రిల్ 30 లోపల ఏడాది పన్ను ఒకేసారి కట్టేస్తే 5 శాతం రాయితీ వస్తుంది. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ఊళ్లో చేబదులు వడ్డీకి ఇది తీసిపోదు.

చివరగా శాల కూలిపోయిన వారి సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రేకులు, పాకలు ఎన్ని లేచిపోయాయో మనలో పెద్దవాళ్లకు గుర్తే. కట్టడం కూలిపోతే పన్ను దానంతటదే ఆగదు. కట్టడం లేదని యజమాని రాతపూర్వకంగా తెలియజేసేదాకా పుస్తకంలో అది నిలబడే ఉంటుంది, పన్ను పడుతూనే ఉంటుంది. కాబట్టి గాలికి పోయినా, గేదెను అమ్మేసి మనమే విప్పేసినా, ఆ నెలలోనే ఒక అర్జీ రాసి, కూలిన తేదీ వేసి, కుదిరితే ఫోటో జతచేసి ఇవ్వాలి. మా పెద్దాయన శాలకు గుంజలు మాత్రమే మిగిలి చాలా కాలమైంది. ఆ అర్జీ రాసి, వేలిముద్ర వేయించి, నకలు ఆయన ట్రంకు పెట్టెలో రేషను కార్డు పక్కన పెట్టి వచ్చాం.